ఆ దుకాణంలో కల్లు ఎందుకు అయిపోదు?

చెట్టు ఇచ్చేది కొంతే. అడిగేవాళ్లు చాలామంది. ఆ లోటును ఏది పూడుస్తోందో ప్రతి కుటుంబం తెలుసుకోవాలి.

"మందు అలవాటు ఉందా?"

ఆపరేషన్‌కు ఫిట్‌నెస్ చూసే ఫిజీషియన్‌గా నేను రోజూ అడిగే ప్రశ్న ఇది. కొన్నేళ్ల క్రితం మహబూబాబాద్ వైపు నుంచి తుంటి ఎముక విరిగిన ఒక పెద్దాయన వస్తే, ఆయన కొడుకునూ ఇదే అడిగాను. "అస్సలు ముట్టడు సార్" అన్నాడు. కేసు షీటులో 'లేదు' అని రాసుకున్నాను.

మూడో రోజు రాత్రి ఆయనకు చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట. గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ సెలైన్ సూది పీకేశారు. కొడుకునే గుర్తుపట్టలేదు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. షుగర్ చూశాం, సోడియం చూశాం, మెదడు స్కాన్ తీయించాం. ఎక్కడా ఏమీ దొరకలేదు. అప్పుడు మూలన నిలబడ్డ కోడలు మెల్లగా అంది: "మామయ్యకు మూడు రోజుల సంది కల్లు లేదు సార్. అందుకేమో."

"మరి అడిగితే అలవాటు లేదన్నారు కదమ్మా?"

"మీరు మందు అడిగిన్రు సార్. కల్లు మందెట్లయితది?"

ఆయన రోజూ సాయంత్రం దుకాణంలో రెండు సీసాలు తాగేవారట, ఎన్నో ఏళ్లుగా. మూత్ర పరీక్ష చేయిస్తే నిద్రమాత్రల జాతి మందు ఉన్నట్టు తేలింది. ఇంట్లో ఆయనకు అలాంటి మాత్రలేవీ లేవు. సరైన చికిత్స మొదలుపెట్టాక కోలుకున్నారు కానీ, ఎముక ఆపరేషన్ వారం రోజులు వాయిదా పడింది. ఆ వయసులో వారం మంచం మీద ఉండటం చిన్న విషయం కాదు. తప్పు నాదే, ప్రశ్న సరిగ్గా అడగలేదు. అప్పటి నుంచి మందు గురించి ఒకసారి, కల్లు గురించి మరోసారి విడివిడిగా అడుగుతున్నాను.

తాళ్లల్లో ఒక ఉదయం

అసలు కల్లు అంటే ఏమిటో, అది రోజుకు ఎంత వస్తుందో కళ్లారా చూడాలనిపించి, ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం జనగామ నుంచి పాలకుర్తి వెళ్లే దారిలోని ఒక ఊరికి వెళ్లాను. నా దగ్గర బీపీకి చూపించుకునే గౌడన్న ఒకరు అక్కడి తాళ్లు గీస్తారు. యాభై దాటిన మనిషి. నడుముకు మోకు బిగించి, కత్తి, లొట్టి తీసుకుని నా కళ్ల ముందే చెట్టెక్కేశారు. గెల చివర కత్తితో పలుచగా చెక్కి, నిండిన లొట్టి దించి, ఖాళీది కట్టి కిందికొచ్చారు. రోజుకు మూడు పూటలు ఇదే పని. వాన పడ్డా, జ్వరమొచ్చినా మానడానికి లేదు. ఒక్క పూట గీయకపోతే గెల ఎండిపోతుందని భయం.

"ఎన్ని చెట్లు అన్నా?" అని అడిగాను.

"ఇప్పుడు పారేటియి పన్నెండు సారూ. చెట్టుకు మూడు లీటర్లు వేసుకోండ్రి. ఒకటి ఎక్కువిస్తది, ఒకటి తక్కువిస్తది."

అంటే రోజుకు దాదాపు 36 లీటర్లు. రోజూ వచ్చే ఊరివాళ్లు ఇరవై మంది. తలా ఒక లీటరు పోస్తే మిగిలేది 16 లీటర్లు. మేం మాట్లాడుతుండగానే హైదరాబాద్ నుంచి రెండు కార్లు వచ్చి ఆగాయి. ఒకరు ఇరవై లీటర్ల క్యాను దించారు. ఇంకొకరు ఇంట్లో ఫంక్షన్ ఉంది, వచ్చే ఆదివారానికి వంద లీటర్లు కావాలన్నారు. గౌడన్న నవ్వి తల అడ్డంగా ఊపారు. పదకొండు గంటలయ్యేసరికి లొట్టి బోర్లించేశారు.

"ఇంకో పది మంది వస్తే ఏం చేస్తరన్నా?"

"లేదని చెప్త. అడిగేటోళ్లు పెరిగిన్రని చెట్టు ఎక్కువ పారదు గద సారూ."

ఒక్కో తాడు ఏడాదిలో కొన్ని నెలలే పారుతుంది. మరోవైపు ఎక్కేవాళ్లు తగ్గుతున్నారు. ఆయన కొడుకులిద్దరూ చెట్టెక్కరు. తండ్రి కూడా ఎక్కొద్దనే అన్నారు, ఎందుకంటే తోటి గీత కార్మికుడు ఒకరు చెట్టు మీది నుంచి పడి నడుం కింద చచ్చుబడి మంచాన ఉన్నారు. అలాంటి కేసులు మా ఆసుపత్రికి ప్రతి సీజన్‌లోనూ వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కిట్ అందినవారు దాన్ని తప్పకుండా వాడాలి. ఎవరైనా పడితే చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టకూడదు. మెడ, నడుము కదలకుండా బల్ల మీద వెల్లకిలా ఉంచి 108 కోసం ఆగాలి. పడ్డప్పుడు నిలిచిన కాళ్లు, లేపడంలో పోయిన సందర్భాలు ఉన్నాయి.

కల్లులో ఏముంది?

చెట్టు నుంచి కారే తాజా రసంలో ఆల్కహాల్ ఉండదు, చక్కెర ఉంటుంది. దాదాపు పది శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్ట్, బ్యాక్టీరియా చేరగానే పులవడం మొదలవుతుంది. లోపల సున్నం పూసిన కుండలో పట్టి చల్లగా ఉంచితే ఆ పులుపు ఆగుతుంది. అదే నీరా. పులవనిస్తే కొన్ని గంటల్లో కల్లవుతుంది. అందులో ఆల్కహాల్ సాధారణంగా 4 నుంచి 6 శాతం. ఇంకా వదిలేస్తే మత్తు పెరగదు, పులిసి వెనిగర్ వైపు వెళుతుంది. కాబట్టి అసలు కల్లును నిల్వ చేసి వారం రోజులు అమ్మడం కుదరదు.

650 మిల్లీలీటర్ల సీసా కల్లులో 5 శాతం లెక్కన 25 గ్రాములకు పైగా ఆల్కహాల్ ఉంటుంది. అంటే బీరు సీసాతో సమానం. 'చెట్టు నుంచి వచ్చింది' అన్నంత మాత్రాన కాలేయం దాన్ని వేరుగా చూడదు. ఆల్కహాల్‌కు సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

లోటు పూడ్చే పొడి

ఇప్పుడు గౌడన్న లెక్కను పట్టణంలోని ఒక కల్లు దుకాణానికి వేసి చూడండి. రోజుకు వందల సీసాలు అమ్ముడవుతాయి. వానాకాలమైనా చలికాలమైనా అదే తెలుపు, అదే నురగ, అదే రుచి. ఎప్పుడు వెళ్లినా 'అయిపోయింది' అన్న మాట వినబడదు. అన్ని చెట్లు ఎక్కడున్నాయి? అన్ని చెట్లు ఎక్కే మనుషులెక్కడున్నారు?

కొంచెం కల్లులో చాలా నీళ్లు పోస్తే తీపి పోతుంది, అందుకు శాకరిన్ కలుపుతారు. మత్తు పోతుంది, అందుకు అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. మొదటి రెండూ మేం ఆందోళన, ఫిట్స్ ఉన్నవారికి కొద్ది రోజుల కోసం మిల్లీగ్రాముల్లో లెక్కపెట్టి రాసే మందులు. దుకాణం వెనక డ్రమ్ములో వాటిని కలిపేవాడికి త్రాసు ఉండదు. పైసీసాలో ఎంత వచ్చిందో, అడుగుసీసాలో ఎంత వచ్చిందో అతనికే తెలియదు. ఆల్కహాల్‌తో కలిసి మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. క్లోరల్ హైడ్రేట్ గుండె లయను దెబ్బతీస్తుంది.

గౌడన్న చెప్పిన ఇంకో మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "దుకాణం కల్లు అలవాటైనోళ్లు నా తాన తాగి, నీ కల్లు ఎక్కుతలేదు అంటరు సారూ. మల్ల రారు." వైద్యపరంగా దానికి కారణం ఉంది. అల్ప్రాజోలం లాంటి మందుకు మెదడు కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. ఒక సీసా తాగేవాడు రెండు అడుగుతాడు. అసలు కల్లు గిరాకీకి సరిపోవడం లేదు, కల్తీ కల్లు మాత్రం తన గిరాకీని తానే పెంచుకుంటోంది.

ఇది ఎక్కడో జరిగేది అనుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారికి వాంతులు, విరేచనాలై బీపీ పడిపోయింది. కిడ్నీలు దెబ్బతిని కొందరికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. పలువురు చనిపోయారు. సెప్టెంబరులో పాత బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల భవనంలోనే అల్ప్రాజోలం తయారుచేస్తూ పట్టుబడ్డారు.

ఒక్కసారిగా మాన్పించకండి

ఇలాంటి వార్తలు చదివిన కుటుంబాలు చేసే పొరపాటు ఒకటుంది. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ విషయంలో అదే జరిగింది. పొలం పనులకు వెళ్లి వచ్చాక ఒళ్లు నొప్పులకని రోజూ కల్లు తాగేది. కూకట్‌పల్లి వార్త టీవీలో చూసి భయపడ్డ మనవడు ఆ రోజు నుంచే మాన్పించాడు. నాలుగు రోజులు నిద్ర లేదు. ఐదో రోజు ఫిట్స్ వచ్చి పొయ్యి దగ్గర పడింది. మనవడి ఉద్దేశం మంచిదే, పద్ధతే ప్రమాదకరం. ఆమెకు నయమైంది కానీ, ఆ అబ్బాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

మత్తుమందుకు అలవాటుపడ్డ మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది. అల్ప్రాజోలం అయితే ఒకటి రెండు రోజుల్లో, డయాజెపామ్ శరీరంలో ఎక్కువ రోజులు ఉంటుంది కాబట్టి వారం తర్వాత కూడా లక్షణాలు రావచ్చు. నిద్ర పట్టకపోవడం, వణుకు, చెమట, గుండె దడ, లేనివి కనిపించడం, పిచ్చిగా మాట్లాడటం, చివరికి ఫిట్స్. దీన్ని చాలామంది గాలి సోకిందనుకుని మంత్రం వేయించి, ఆలస్యంగా వస్తారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడూ, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడూ తెలంగాణ ఆసుపత్రులు ఇలాంటి రోగులతో నిండాయి.

దీనికి చికిత్స ఉంది. అదే జాతి మందును లెక్క ప్రకారం మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ వస్తాం. విటమిన్ బి1 ఇస్తాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వరంగల్‌లో ఎంజీఎం ఉంది. మాన్పించాలనుకున్న రోజున ముందు డాక్టర్ దగ్గరికి తీసుకురండి, మాన్పించే పని మేం మొదలుపెడతాం. నిద్రమాత్రలు కొని ఇంట్లోనే సొంత వైద్యం చేయవద్దు.

ఎక్కువమంది అడిగే ప్రశ్నలు

కల్లుతో కిడ్నీలో రాళ్లు పోతాయా? రాయి కరగదు. ఎక్కువ ద్రవం తాగడం వల్ల మూత్రం ఎక్కువగా వస్తుంది, అంతే. ఆ పని మంచినీళ్లు చేస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లు నీరా తాగొచ్చా? 200 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 20 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే నాలుగైదు చెంచాలు. తాగకపోవడమే మంచిది. కల్లయితే మరో ప్రమాదం ఉంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపున తాగితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

పిల్లలకు ఒక గుక్క పోస్తే ఏమవుతుంది? పిల్లలకు, గర్భిణులకు ఒక్క గుక్క కూడా వద్దు. నిద్రకు, ఫిట్స్‌కు, మానసిక సమస్యలకు మందులు వాడేవారు కూడా దూరంగా ఉండాలి.

కల్తీని చూసి గుర్తుపట్టగలమా? కంటితో, నాలుకతో కచ్చితంగా చెప్పలేం, పరీక్షలోనే తేలుతుంది. అయితే ఎన్నడూ అయిపోని కల్లు, ఒక్క సీసాకే మొద్దునిద్ర, ఒక్కరోజు తాగకపోతే వణుకు... ఇవి గట్టి అనుమానానికి కారణాలు.

ఇవి దగ్గర పెట్టుకోండి

• ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, ఊపిరి మందగించినా 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకండి.
• వ్యసనం మానడానికి సలహా కోసం 14446, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416.
• మత్తుమందు కలుపుతున్నారన్న సమాచారం ఇవ్వడానికి 1908.
• ఇంట్లో ఎవరికి ఆపరేషన్ ఉన్నా, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, కల్లు అలవాటు ఉంటే డాక్టర్ అడగకపోయినా చెప్పండి. రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, ఆఖరుసారి ఎప్పుడు. ఈ మూడు మాటలు చాలు.