గంజాయి మొక్కలో మందు ఏది? మత్తు ఏది?

గంజాయి మందు మొక్క అను మాట ఈ మధ్య గ్రామములలో కూడ వినబడుచున్నది. విదేశములలో డాక్టర్లే వ్రాసి ఇచ్చుచున్నారు గదా, మనము నాలుగు మొక్కలు పెంచుకొన్న తప్పేమి అని అడుగువారున్నారు. మూర్ఛలు వచ్చు పిల్లవానికి ఇంత నూరి పోయమని సలహా చెప్పువారును కలరు. ఈ మాటలలో కొంత నిజమున్నది. ప్రమాదమంతయు ఆ కొంత నిజముతోనే వచ్చుచున్నది. కనుక ఆ మొక్కలో ఏ పదార్థము ఏమి చేయునో మీరు తెలిసికొనవలెను.

తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్లే గంజాయిలో మగ మొక్కలు, ఆడ మొక్కలు సాధారణముగా వేరువేరుగా నుండును. సారమంతయు ఆడ మొక్క పూగుత్తులపై నూగువలె కనిపించు సన్నని గ్రంథులలో జిగురుగా చేరును. బ్రిటిషువారి కాలమున బెంగాలులోని నౌగావ్ ప్రాంతపు రైతులు (అది నేడు బంగ్లాదేశ్‌లో నున్నది) లైసెన్సుపై ఈ పైరు వేసెడివారు. పొద్దార్ అను అనుభవజ్ఞుని పిలిపించి, పుప్పొడి రాలకముందే మగ మొక్కలను పీకి వేయించెడివారు. పూవు గింజ కట్టినచో జిగురు తగ్గునని వారెరుగుదురు. రసాయన శాస్త్రము చెప్పకముందే రైతు కన్ను కనిపెట్టిన సంగతి యిది.

ఆ జిగురులో కెన్నబినాయిడ్లు అను పదార్థములు వందకు పైగా గలవు. వానిలో ముఖ్యమైనవి రెండు: టి.హెచ్.సి., సి.బి.డి. రెండింటి అణువులోను 21 కర్బన, 30 ఉదజని, 2 ప్రాణవాయు పరమాణువులే. కూర్పు మాత్రము వేరు. ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్ బృందము సి.బి.డి. నిర్మాణమును 1963లోను, టి.హెచ్.సి. నిర్మాణమును 1964లోను తేల్చినది. మొక్కలో రెండింటికి మూలమైన ఆమ్లము ఒక్కటే. ఒకే పాలు మజ్జిగ చుక్క పడిన పెరుగగును, నిమ్మరసము పడిన విరిగిపోవును. అట్లే మొక్కలోనున్న ఎంజైమునుబట్టి ఆ ఆమ్లము ఇటో అటో మారును. ఏ ఎంజైము ఉండునో విత్తనముతోనే నిర్ణయమగును.

మెదడులో టి.హెచ్.సి.కి సరిపోవు తాళములున్నవి. నిజమునకు అవి మన దేహము తానే తయారుచేసికొను పదార్థము కొరకు ఏర్పడినవి. దానిని 1992లో కనుగొన్నవారు మన ఆనందమను మాటను తీసికొని ఆనందమైడ్ అని పేరు పెట్టిరి. టి.హెచ్.సి. ఆ తాళములను తెరచి మత్తు, ఆకలి కలిగించును. వాంతిని అణచును. మోతాదు మించిన భయము, గుండెదడ పుట్టించును. పడుచు వయసులో ఎక్కువగా వాడువారికి మతిభ్రమణ ప్రమాదము హెచ్చు. సి.బి.డి. ఆ తాళములను అట్లు తెరవదు, మత్తు నీయదు. కొన్ని తీవ్రమైన మూర్ఛలను మాత్రము తగ్గించును.

అందుచే వైద్యులు మొక్కను గాక కొలిచిన పదార్థమును ఇచ్చుచున్నారు. క్యాన్సరు చికిత్సలో వచ్చు వాంతులకు అమెరికాలో 1985లో అనుమతించిన మందు టి.హెచ్.సి. మాత్రమే. దాని చిన్న గుళికలో 2.5 మిల్లీగ్రాములుండును. కండరముల బిగువుకు వాడు ఒక నోటి స్ప్రేలో రెండును దాదాపు సమముగా నుండును. పిల్లల మూర్ఛలకు 2018లో అనుమతించిన మందు శుద్ధమైన సి.బి.డి. దానిని గూడ కాలేయమునకు రక్తపరీక్షలు చేయుచు ఇత్తురు.

ఇప్పుడు ఆ నూరి పోయు సలహాను లెక్కవేసి చూడుడు. 20 కిలోల పిల్లవానికి, కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 200 మిల్లీగ్రాముల సి.బి.డి. కావలెననుకొందము. మత్తు కొరకు ఏరి పెంచిన రకములలో టి.హెచ్.సి. అధికము, సి.బి.డి. అత్యల్పము. నూటికి 10 పాళ్లు మొదటిది, అరపాలు రెండవది ఉన్నదనుకొన్నచో, ఆ 200 మిల్లీగ్రాములకు 40 గ్రాముల గంజాయి కావలెను. దానితో 4,000 మిల్లీగ్రాముల టి.హెచ్.సి. వచ్చును. అనగా పైన చెప్పిన చిన్న గుళికలు 1,600! బిడ్డకు మందు చేరకముందే విషము చేరును. పచ్చి మొక్కలో టి.హెచ్.సి. ఎక్కువగా మత్తులేని ఆమ్ల రూపమున నుండి, వేడి తగిలిన మత్తు రూపమునకు మారును. కాచిన కషాయము, కాచని రసము ఒకటి గావు. తిన్నచో మత్తు ఎక్కుటకు గంట, రెండు గంటలు పట్టవచ్చును. ఇంకను పనిచేయలేదని మరల పోయుదురు. మూర్ఛకు వాడుచున్న మాత్రలను మాని ఈ ప్రయోగము చేయుట మరింత కీడు. బిడ్డను నరముల వైద్యునికి చూపవలెను.

పేర్ల చిక్కు ఒకటున్నది. ఇంగ్లీషువారు మన జనుమును సన్ హెంప్ అనియు, గోగును దక్కన్ హెంప్ అనియు అందురు. గోగు శాస్త్రనామము కూడ హైబిస్కస్ కెన్నబినస్. వీనికి గంజాయితో చుట్టరికము లేదు. పచ్చిరొట్టకు జనుము చల్లువారు భయపడనక్కరలేదు.

అసలు గంజాయిజాతి నార మొక్కకు ఉత్తరాఖండ్ ప్రభుత్వము 2018లో లైసెన్సులు ప్రారంభించినది. టి.హెచ్.సి. నూటికి 0.3 పాళ్లు మించరాదని షరతు. మొక్కను చూచి ఆ పాలు చెప్పుట ఎవరి తరమును గాదు, ప్రయోగశాల పరీక్ష కావలెను. కనుక మందు రకమని ఎవరైన విత్తనము తెచ్చి, పంట మేమే కొందుమన్నచో, మొదట లైసెన్సు చూపమనుడు. 1985 నాటి మత్తు పదార్థముల చట్టము 20వ సెక్షను క్రింద, అనుమతి లేక పెంచినవారికి 10 సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. తన భూమిలో ఎవరైన దొంగచాటుగా పెంచుచున్నారని తెలిసిన భూస్వామి 46వ సెక్షను ప్రకారము, గ్రామాధికారులు, సర్పంచులు 47వ సెక్షను ప్రకారము వెంటనే పోలీసువారికో, సంబంధిత శాఖాధికారులకో తెలుపవలెను.