పుల్లని నూనె - తియ్యని నూనె

నిమ్మకాయ పుల్లగా ఉంటుందని గూడూరు పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాని ఆ ఊరి పక్కగా పోయే రహదారి మీద ట్యాంకరు లారీలు మోసుకుపోయే నూనెకు కూడా పులుపూ, తీపీ ఉన్నాయంటే నమ్ముతారా? ఇవి నాలుకకు తెలిసే రుచులు కావు, ముక్కుకు తెలిసేవి.

భూమిలోంచి తోడిన ముడినూనెను రిఫైనరీలో కాచి పెట్రోలు, కిరసనాయిలు, వంటగ్యాసు మొదలైనవి వేరుచేస్తారు. ఇలాంటి రిఫైనరీ ఒకటి 1957లో విశాఖపట్నంలో వెలిసింది. ముడినూనెలో గంధకం ఉంటుంది. అది కర్బనంతోనూ, ఉదజనితోనూ కలిసి మెర్‌కాప్టాన్లు అనే పదార్థాలుగా కూడా ఉంటుంది. వీటి కంపు భరించరానిది. పైగా ఇవి కొన్ని లోహాలను తినేస్తాయి. ఇవి ఉన్న పెట్రోలును 'పుల్లనిది' అంటారు. వీటి పీడ వదిలించటమే 'తీపి చేయటం'. ఇందులో పంచదారతో పనిలేదు!

పూర్వం ఇందుకు సీసం ఆక్సైడును కాస్టిక్ సోడా నీళ్ళలో కరిగించి వాడేవారు. ఆ ద్రవానికి 'డాక్టరు' అని పేరు. దానిని పెట్రోలులో పోసి, చిటికెడు గంధకం పొడి వేసి బాగా కుదిపితే, మెర్‌కాప్టాన్లు ఉన్నట్టయితే నల్లబడుతుంది. డాక్టరు జబ్బు పట్టేశాడన్నమాట!

1958లో అమెరికాలో 'మెరాక్స్' అనే పద్ధతి వచ్చింది. ఇందులో కాస్టిక్ సోడా, గాలి, కోబాల్టు లోహం గల ఒక పదార్థం కొద్దిగా వాడతారు. గాలిలోని ప్రాణవాయువు మెర్‌కాప్టాన్ల నుంచి ఉదజనిని లాక్కుని నీరవుతుంది. మిగిలిన భాగాలు రెండేసి చొప్పున జతకట్టి డైసల్ఫైడులవుతాయి. వీటి కంపు చాలా తక్కువ. కోబాల్టు పదార్థం పెళ్ళిళ్ళ పేరయ్యలాంటిది. ఒక జంటను కలిపి, తాను మాత్రం ఎప్పటిలాగే ఉండి, మరొక జంట కోసం పోతుంది. వంటగ్యాసులోని మెర్‌కాప్టాన్లనైతే సోడా నీళ్ళతో కడిగి బయటికే తీసేస్తారు.

ఇక విచిత్రం వినండి. ఇంత శ్రమపడి కంపు తీసిన వంటగ్యాసుకు మళ్ళీ కంపు కలుపుతారు! అలా కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్ కూడా ఆ కుటుంబంలోనిదే.

దీనికి కారణం ఉన్నది. 1937 మార్చి 18న అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని న్యూలండన్ అనే ఊళ్లో, బడి కింద సహజవాయువు కారి పోగుపడింది. దానికి వాసన లేదు కనక ఎవరికీ తెలియలేదు. అది పేలి దాదాపు 300 మంది పిల్లలూ, ఉపాధ్యాయులూ చనిపోయారు. ఆ తరవాతనే గ్యాసుకు కంపు కలిపి తీరాలని అక్కడ చట్టం చేశారు.

కనక పిల్లలూ, వంటింట్లో ఆ కంపు వస్తే ముక్కు మూసుకుని ఊరుకోకండి. దీపం స్విచ్చి వేయవద్దు, ఆర్పనూ వద్దు. అగ్గిపుల్ల గీయవద్దు. వంటగ్యాసు గాలికన్న బరువైనది, నేలబారున పరుచుకుంటుంది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికి వచ్చి వెంటనే పెద్దలను పిలవండి. సిలిండరు కట్టటం వాళ్ళు చూసుకుంటారు.

పెట్రోలులో పనికిరాని కంపు వంటింట్లో కాపలా కుక్క అయింది!