టిల్లర్ దిగుడులో ఎటు తిరుగుతాది? పెద్ద మేతకు ముందే చూసుకోవాల్సినవి



ఈసారి పురుగు రోగం గురించి కాదు, గూళ్ల రేటు గురించి కూడా కాదు. మన తోటకీ షెడ్డుకీ మధ్య రోజూ తిరిగే పవర్ టిల్లర్ గురించి. కోలారు, చిక్కబళ్లాపుర పక్క కానీ, హోసూరు, కృష్ణగిరి పక్క కానీ మనోళ్ల దగ్గర ఎక్కువగా కనపడేది ఒకటే సిలిండర్ ఉండి నీళ్లతో చల్లబడే డీజిల్ టిల్లర్. రోటరీ పెడితే సాళ్ల మధ్య దున్నుతాది. ట్రైలర్ తగిలిస్తే కొమ్మలు మోస్తాది. బండి ఒకటే, పనులు రెండు. ప్రమాదాలు కూడా రెండు రకాలు.

ఈ విషయం ఇప్పుడెందుకంటే, పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి 80 వంతులకు పైగా నాలుగో జ్వరం లేచినాకే తింటాది. ఆ వారం రోజులు బండికి తీరిక ఉండదు. ఎండ ఎక్కక ముందే కొమ్మ కొయ్యాలి, మళ్లీ సాయంత్రం కొయ్యాలి. అంటే చీకట్లో పోయేది, చీకటి పడినాక వచ్చేది. మనకి నిద్ర చాలదు, లోడు మాత్రం ఎక్కువ. ఆ వారంలో బండి ఆగినా, నడిపే మనిషి పడినా పంట కూడా పడుతుంది. అందుకే ఆ వారం రాకముందే ఏం చూసుకోవాలో, నడిపేటప్పుడు ఏం మరవకూడదో ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

*దిగుడులో సైడ్ క్లచ్ ఉల్టా పని చేస్తాది*

ఇది అన్నిటికంటే ముఖ్యం. కొత్తగా నడిపే పిల్లోళ్లకి ఇది చెప్పకుండా బండి ఇవ్వొద్దు.

చదును నేల మీద ఎడమ సైడ్ క్లచ్ పడితే బండి ఎడమకే తిరుగుతాది. ఎందుకు? క్లచ్ పట్టినప్పుడు ఎడమ చక్రానికి ఇంజన్ బలం ఆగిపోతాది, కుడి చక్రం మాత్రం లాగుతా ఉంటాది. కాబట్టి బండి ఎడమకి మళ్లుతాది. ఇది అందరికీ అలవాటే.

దిగుడులో అట్లా కాదు. అక్కడ ఇంజన్ బండిని లాగడం లేదు, వెనక లోడుతో బండే ఇంజన్ని తోస్తా ఉంటాది. ఇంజన్ రెండు చక్రాల్నీ పట్టి ఆపుతా ఉంటాది. అప్పుడు ఎడమ క్లచ్ పడితే ఎడమ చక్రం ఇంజన్ పట్టు నుంచి వదిలిపోయి జోరుగా దొర్లుతాది. కుడి చక్రం మాత్రం ఇంజన్ పట్టులోనే ఉంటాది. బండి కుడి పక్కకి తిరిగిపోతాది! మనం ఎడమకి పోవాలని పట్టినాం, అది కుడికి పోయింది. భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటాం, ఇంకా కుడికి పోతాది. కుడి పక్కన గట్టో, బావో, చెరువు కట్టో ఉంటే అంతే. సంవత్సరాల తరబడి నడిపినోళ్లు కూడా పడేది ఇక్కడే.

గుర్తుకి ఒకటే ప్రశ్న పెట్టుకోండి: ఇప్పుడు ఇంజన్ బండిని లాగుతా ఉందా, బండి ఇంజన్ని తోస్తా ఉందా? లాగుతా ఉంటే క్లచ్ మామూలే. తోస్తా ఉంటే ఉల్టా.

దిగుడులో ఏం చెయ్యాలంటే:

1. దిగుడు మొదలయ్యే ముందే, చదును మీదే లో గేరు వేసుకోండి. మధ్యలో గేరు మార్చొద్దు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో అసలు వదలొద్దు.
2. మెయిన్ క్లచ్ తియ్యొద్దు. తీస్తే ఇంజన్ పట్టు పోయి బండి జారుకుంటాది.
3. ఎక్సలేటర్ తగ్గించి, సైడ్ క్లచ్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ని రెండు చేతులతో మెల్లగా తోసి తిప్పండి.
4. వేగం ఎక్కువైతే ట్రైలర్ బ్రేకు కొంచెం కొంచెంగా తొక్కండి. ఒక్కసారి గట్టిగా తొక్కితే ట్రైలర్ అడ్డం తిరుగుతాది.

నేర్పేటప్పుడు ఖాళీ ట్రైలర్‌తో, చిన్న దిగుడులో, పక్కన గట్లు లేని చోట నేర్పండి. ఉల్టా తిరగడం వాళ్ల కంటితో ఒకసారి చూస్తే మరచిపోరు.

*కొమ్మల లోడు*

మల్బరీ కొమ్మలు బరువు కంటే ఎత్తు ఎక్కువ. అందుకని ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని పేర్చుకుంటా పోతాం. వానకి తడిసిన ఆకు బరువు కూడా బాగా ఎక్కువ. వాన రోజుల్లో లోడు తగ్గించి ఇంకొక ట్రిప్పు వేసుకోండి.

బరువంతా ట్రైలర్ ఇరుసుకి వెనకపక్క పడకూడదు. వెనక బరువైతే ముందు కొక్కెం పైకి లేస్తాది, టిల్లర్ చక్రాలు నేలని గట్టిగా పట్టవు. ఎగువకి పోయేటప్పుడు చక్రాలు ఊరికే తిరుగుతాయి, దిగువకి వచ్చేటప్పుడు చెప్పిన మాట వినవు. ఇరుసుకి కొంచెం ముందుపక్కే బరువు ఎక్కువ పడేట్లు పేర్చి, తాడు కట్టండి.

కొమ్మల మీద మనుషుల్ని కూర్చోబెట్టొద్దు. కోతకి వచ్చిన అక్కలు ఎండలో అలసిపోయి ఎక్కుతామంటారు, పిల్లోళ్లు సరదాకి ఎక్కుతారు. ఆకు మెత్తగా ఉంటాది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒక గుంతలో పడి ఊగితే నేరుగా చక్రం కిందికే. ఖాళీ ట్రిప్పులో కూడా హ్యాండిల్‌కీ ట్రైలర్‌కీ మధ్యలో ఎవరూ నిలబడకూడదు.

చీకట్లో తార్రోడ్డు మీదికి రావాల్సి వస్తే ట్రైలర్ వెనక రెండు మూలల్లోనూ ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు వెయ్యండి. కొమ్మలు వాటిని మూసేస్తున్నాయా అని బయల్దేరే ముందు చూడండి.

*రోటరీ పెట్టినప్పుడు*

జంట సాళ్ల పద్ధతిలో, అంటే 5 అడుగులు, 3 అడుగులు ఎడం ఇచ్చి నాటిన తోటలో, 5 అడుగుల సాలులో టిల్లర్ బాగా పోతాది. కానీ మల్బరీ మొద్దులు గట్టివి. బ్లేడు మొద్దుకి తగిలితే బండి ఎగిరి ముందుకి దూకుతాది. సాలు చివర తిరిగేటప్పుడు రోటరీ ఆపి, పైకెత్తి తిప్పండి. డ్రిప్ పైపులు ముందే పక్కకి లాగి పెట్టండి. బ్లేళ్లకి పైపు చుట్టుకుంటే దాన్ని విడిపించడానికే సగం రోజు పోతాది.

వెనక్కి వచ్చేటప్పుడు రోటరీ తిరగకూడదు. మనం వెనక నిలబడి ఉంటాం, బ్లేళ్లు మన కాళ్ల మీదికే వస్తాయి. రివర్స్ గేరులో రోటరీ పడకుండా చాలా బండ్లకి కంపెనీ నుంచే అడ్డు ఉంటాది. "పని తొందరగా అవుతుంది" అని ఎవరైనా దాన్ని తీసేసి ఉంటే, మెకానిక్ దగ్గర మళ్లీ పెట్టించుకోండి.

బ్లేళ్లకి గడ్డి, కొమ్మలు చుట్టుకుంటే ఇంజన్ పూర్తిగా ఆపి, బ్లేళ్లు నిలిచినాకే తియ్యండి. క్లచ్ తీసి పెట్టినాను కదా అని చెయ్యి పెట్టొద్దు. చేత్తో కాదు, కొడవలితోనో కర్రతోనో తియ్యండి.

పంచె, భుజం మీద తువ్వాలు, చీర కొంగు, విరబోసిన జుట్టు ఇవన్నీ బెల్టుకీ బ్లేళ్లకీ మేత. బెల్టు మీద రేకు మూత లేకుండా బండి నడపొద్దు. ఉత్త కాళ్లతో, హవాయి చెప్పులతో రోటరీ పట్టొద్దు. బూట్లు వేసుకోండి.

*స్టార్ట్ చేసేటప్పుడు*

రాడ్డుతో తిప్పే బండి అయితే ముందు గేరు న్యూట్రల్‌లో ఉందా, రోటరీ లివర్ ఆపి ఉందా, మెయిన్ క్లచ్ తీసి ఉందా చూడండి. రాడ్డు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కకే పెట్టాలి, రాడ్డుని చుట్టి పట్టకూడదు. ఇంజన్ వెనక్కి తన్నితే చుట్టి పట్టిన బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. చేతికి, రాడ్డుకి నూనె జిడ్డు లేకుండా తుడుచుకోండి.

షెడ్డు లోపల, తలుపులు మూసిన చోట ఇంజన్ నడపొద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మనిషికి మత్తు వచ్చినట్లయి పడిపోతాడు. కొమ్మలు దించేటప్పుడు కూడా ఇంజన్ ఆపండి. సైలెన్సర్ మూతి పురుగుల షెడ్డు పక్కకి పెట్టొద్దు.

*ఎప్పుడు ఏం చూసుకోవాలి*

తారీఖులు పెట్టుకుంటే మరచిపోతాం. పంటని బట్టి పెట్టుకుంటే మరువం.

పురుగు చంద్రికలకి ఎక్కినాక బండికి కొన్ని రోజులు తీరిక ఉంటాది. పెద్ద పని అప్పుడు చెయ్యండి. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ బుక్కులో రాసిన గంటలు నిండి ఉంటే మార్చాలి. ఎయిర్ క్లీనర్ విప్పి కడగాలి. ఎండాకాలం దుమ్ములో అయితే ఇంకా తొందరగా కడగాలి. డీజిల్ ఫిల్టర్ చూడాలి. రోటరీ బ్లేళ్లు అరిగి ఉంటే మార్చి, వాటి బోల్టులన్నీ స్పానర్‌తో బిగించాలి.

చాకీ పురుగు ఇంటికి వచ్చిన రోజు నుంచి పెద్ద మేత మొదలయ్యేదాకా వారం పైన టైం ఉంటాది. అప్పుడు ఇవి చూడండి:

• ట్రైలర్ బ్రేకు రెండు చక్రాలకీ సమంగా పడుతుందా.
• కొక్కెం పిన్ను అరిగిందా, పిన్నుకి లాక్ ఉందా. లాక్ బదులు మేకు, తీగ పెట్టి నడపొద్దు.
• రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా. ఒకదాంట్లో తక్కువైతే బండి ఆ పక్కకే లాగుతాది.
• సైడ్ క్లచ్ లివర్లకి బుక్కులో చెప్పినంత ఆట ఉందా. ఆట లేకపోతే క్లచ్ జారుతాది, ఎక్కువైతే పట్టినా వదలదు.
• బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒక వేలు మందం లోపలికి పోవాలి. పగుళ్లు ఉంటే అన్ని బెల్టులూ ఒకేసారి మార్చండి.

రోజూ పొద్దున: ఇంజన్ ఆయిల్ (బండి చదునుగా పెట్టి), నీళ్లు, డీజిల్, కింద ఏమైనా కారిందా. నీళ్ల మూత వేడి మీద తెరవొద్దు, ఆవిరి మొహం మీదికి చిమ్ముతాది. డీజిల్ కూడా ఇంజన్ చల్లబడినాకే పొయ్యండి, బీడీ దూరంగా.

*బండి నుంచి పురుగుకి వచ్చే నష్టం*

ఇది మన పట్టు రైతులకి మాత్రమే ఉండే సమస్య. అదే ట్రైలర్‌లో టమాటా తోటకి మందు డబ్బాలు, స్ప్రేయర్ తీసుకుపోతాం. అదే దాంట్లో పడకల చెత్త తీసి గుంతకి వేస్తాం. సాయంత్రం అదే ట్రైలర్‌లో ఆకు తెస్తాం. పురుగుమందు చుక్క ఆకుకి తగిలినా పట్టుపురుగు తట్టుకోలేదు. పాల రోగం, సప్పె రోగం చెత్తతోనే మళ్లీ ఆకు మీదికి ఎక్కుతాయి.

కుదిరితే మందులకి, చెత్తకి ట్రైలర్ వాడొద్దు. తప్పకపోతే ఆ తర్వాత బాగా కడిగి, 100 లీటర్ల నీళ్లకి 2 కిలోల బ్లీచింగ్ పౌడర్, 300 గ్రాముల సున్నం కలిపి ట్రైలర్ లోపలంతా కొట్టండి. మొహానికి గుడ్డ, చేతులకి గ్లౌజులు ఉండాలి. బ్లీచింగ్ ఇనుముని తింటాది కాబట్టి అరగంట ఆగి మంచినీళ్లతో కడగండి. ఇంజన్ మీద కొట్టొద్దు. బ్లీచింగ్ రోగాన్ని చంపుతాది కానీ పురుగుమందుకి అదే విరుగుడు అనుకోవద్దు. మందు ఒలికిన ట్రైలర్‌లో ఆకు వెయ్యకుండా ఉండడమే మంచిది. ఆకు కింద పరిచే పట్టా వేరేగా, ఆకుకి మాత్రమే పెట్టుకోండి. డీజిల్ క్యాను, గ్రీజు గుడ్డ ఆ ట్రైలర్‌లో వెయ్యొద్దు. గ్రీజు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగినాకే మేత వెయ్యండి.

*దెబ్బ తగిలితే*

ముందు ఇంజన్ ఆపండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి 108కి ఫోన్ చెయ్యండి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు. వేలు తెగి పడితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసులో పెట్టి ఆసుపత్రికి తీసుకుపోండి. ఐసు నేరుగా వేలికి తగలకూడదు. తొందరగా పోతే అతికించే అవకాశం ఉంటాది.

మీ ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా ఈ గ్రూపులో లేని పిల్లోళ్లకి, జీతగాళ్లకి దిగుడు సంగతి చదివి వినిపించండి. మీ బండికి వేరే రకం సమస్య ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, తెలిసినోళ్లు జవాబు చెప్తారు. ఈ పంట చాకీ తెచ్చుకున్నోళ్లు రేపే స్పానర్ తియ్యండి. పెద్ద మేత మొదలైతే మళ్లీ తీరిక దొరకదు.