దీవెన అంటే ఏమిటి?



క్రైస్తవుల ఇళ్ళల్లో రోజుకు పదిసార్లయినా వినిపించే మాట "దీవెన". అన్నం ముందు కళ్ళు మూసుకుంటే దీవెన, పిల్లవాడు పరీక్షకు బయల్దేరితే దీవెన, కొత్త ఇంట్లో అడుగుపెడితే ప్రతిష్ఠ ప్రార్థన, అక్కడా దీవెనే. ఇన్నిసార్లు అనే ఆ మాటకు అర్థం చెప్పమంటే మాత్రం తడుముకుంటాం. ఉద్యోగం వచ్చింది, స్థలం కొన్నాం, అమ్మాయికి మంచి సంబంధం కుదిరింది, ఇవే చెబుతాం. చర్చిలో సాక్ష్యాలు కూడా ఎక్కువగా ఇలాంటివే.

మా వీధిలో ఒకావిడ వుంది. భర్త పనిచేసేచోట మనుషుల్ని తగ్గించి, ఆయన్ను ఇంటికి పంపేశారు. ఆరు నెలలైంది. ఆవిడ ఆదివారం ఆరాధనకు రావడం మానేసింది. ఏమ్మా అని అడిగితే, "అందరూ దేవుడు ఇచ్చినవి చెప్పుకుంటారక్కా, నేనేం చెప్పుకోను? మా ఇంటిమీద నుంచి దీవెన తీసేశాడేమో" అంది. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. అయినా ఆ మాట విని ఊరుకోబుద్ధి కాలేదు.

యోబు స్నేహితులు సరిగ్గా ఇదే లెక్క వేశారు. ఆస్తి పోయింది, బిడ్డలు పోయారు, ఒళ్ళంతా కురుపులు, కాబట్టి ఈయన ఏదో పాపం చేసే వుంటాడని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. కథ చివర దేవుని కోపం రగిలింది ఆ ముగ్గురు స్నేహితుల మీద! కష్టంలో వున్న ఇంటికి వెళ్ళి కారణాలు వెతికే మనబోటి వాళ్ళం ఆ భాగం మరోసారి చదువుకోవాలి.

మరి దీవెనలో ఏముంది? సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో, యాజకులు ప్రజలను ఎలా దీవించాలో దేవుడు మోషేకు చెప్పిన మాటలున్నాయి. హెబ్రీ భాషలో అవి పదిహేను మాటలే. వాటిలో డబ్బు లేదు, పొలం లేదు. కాపాడటం వుంది, దేవుని ముఖం మనవైపు తిరిగి వుండటం వుంది, కరుణ వుంది, చివర సమాధానం వుంది. మామూలు తెలుగులో సమాధానం అంటే జవాబు గదా, బైబిలు తెలుగులో మాత్రం శాంతి, నెమ్మది.

ఈ దీవెన గురించి ఓ సంగతి చెప్పాలి. 1979లో యెరూషలేములో గేబ్రియేల్ బార్కే అనే పురావస్తు పరిశోధకుడు పాత సమాధుల్లో రెండు చిన్న వెండిరేకులు కనుగొన్నారు. తాయెత్తులోని రేకులాగా చుట్టి వున్నాయి. జాగ్రత్తగా విప్పి చూస్తే ఇంచుమించు ఈ దీవెన మాటలే! రెండువేల ఆరువందల ఏళ్ళ కిందటివని పండితుల అంచనా. చిన్న రేకు పొడవు నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. ఎవరో మెడలో వేసుకునే తిరిగి వుంటారు. నీళ్ళకు వెళ్ళినా, పిండి విసిరినా ఆ దీవెన ఒంటిమీదే!

దేవుడు ఇచ్చేది కూడా చాలాసార్లు ఏ రోజుకారోజే. అరణ్యంలో మన్నా అలాగే కురిసింది. రేపటికని దాచుకుంటే పురుగుపట్టి కంపు కొట్టింది, విశ్రాంతిదినం కోసం దాచింది తప్ప. సారెపతులో విధవరాలి ఇంట్లో పిండి తరగలేదని చదువుతాం గాని, ఇంటినిండా బస్తాలు దిగాయని లేదు. తొట్టి అడుగున పిండి, బుడ్డిలో నూనె, అంతే. రేషను బియ్యంతో నెలాఖరుదాకా నెట్టుకొచ్చే ఇల్లాలికి ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు. గమనించండి, ఆ పిండిలో మొదటి రొట్టె ఆవిడ ఏలీయాకు చేసిపెట్టింది.

అందుకే మా అత్తగారు అన్నం వండిన ప్రతిసారీ, ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసేవారు. మిజోరం సంఘాల్లో స్త్రీలు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారు. ఆ బియ్యం అమ్మిన సొమ్ము సువార్త పనికి వెళుతుంది. కానుక వేయడానికి చేతిలో రూపాయి లేని మనిషి కూడా ఇచ్చేవాళ్ళలో వుంటుంది గదా, నాకు నచ్చింది అదే. మా వీధి ఆవిడతోనూ ఇదే చెప్పాను. మొన్న వెళ్తే పొయ్యి పక్కన చిన్న హార్లిక్స్ సీసా కనిపించింది, అడుగున బియ్యంతో. నేనేమీ అడగలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే చెబుతాను. పిడికెడు యాభై గ్రాములు అనుకున్నా, రెండుపూటలా తీస్తే నెలకు మూడు కిలోలు. చర్చికి ఇస్తారో, వీధిలో లేనివాళ్ళకు ఇస్తారో మీ ఇష్టం. ఇచ్చేటప్పుడు నలుగురిలో ఇవ్వకండి, డబ్బా తిరిగి అడగకండి. వానాకాలం పురుగు పట్టకుండా నాలుగు ఎండుమిరపకాయలు వేసి వుంచండి.