సన్నని బెజ్జము - చివరి సాలుకు నీరు

హైదరాబాదు నగరమున బషీర్‌బాగ్‌లోని వ్యవసాయశాఖ కమిషనరు కార్యాలయమునకు పనిమీద పోయిన రైతు సోదరులు, అచ్చటికి సమీపమున నున్న గన్‌ఫౌండ్రీ పేరు వినియేయుందురు. పదునెనిమిదవ శతాబ్దిలో నిజాము కొలువుననుండిన ఫ్రెంచి సేనాని రేమండు అచ్చట ఫిరంగులు పోతపోయించెను. ఫిరంగి బెజ్జము వంకరయైనచో గుండు గుఱితప్పును. బిందుసేద్యపు గొట్టమునకును ఇదియే న్యాయము. ఇచ్చట బెజ్జము సూదిమొనయంత. అది తప్పినచో ఎండునది చివరి సాలు.

ఈ సంగతిని మేము నష్టపడి నేర్చుకొంటిమి. ఒక సభ్యుని వంగమడిలో ఎత్తున పీపా నిలిపి, నల్లని గొట్టములకు కాల్చిన దబ్బనముతో బెజ్జములు పొడిచితిమి. పని త్వరగా ముగిసినదని సంతసించితిమి. కొన్ని దినములకే పీపా చెంతనున్న మొక్కలు నీరెక్కువై పసుపువాఱెను; చివరి సాలు వాడిపోయెను. ఆ రైతు మమ్ము నొక్క మాటయు ననలేదు. గొట్టము విప్పి చూడగా, ఒక బెజ్జము ఆవగింజంతయు, మఱియొకటి తోటకూర గింజంతయు నుండెను.

ఈ భేదము కంటికి స్వల్పమే, పైరుకు స్వల్పము కాదు. బెజ్జపు అడ్డుకొలత రెట్టింపైనచో నీరు నాలుగింతలు పోవును. బెజ్జముపై మీటరు ఎత్తున నీరు నిలిచియున్నపుడు 1 మి.మీ. బెజ్జము గంటకు సుమారు 7½ లీటర్లు విడుచును, 2 మి.మీ. బెజ్జము సుమారు 30 లీటర్లు విడుచును.

వడ్రంగులు వాడు పెద్ద డ్రిల్లు ఈ పనికి తగదు. దాని పట్టులో సన్నని బిట్టు చక్కగా నిలువదు. యంత్రపు బరువునకు చేయి కదలినంతనే విఱుగును. ఇందులకు రోటరీ టూలు అను చిన్న చేతియంత్రము మేలు. అమెరికాలో 1932వ సంవత్సరమున ఆల్బర్టు డ్రెమెలు స్థాపించిన సంస్థ ఇట్టి యంత్రములకు పేరు తెచ్చెను. నేడు పలు సంస్థలు వీనిని చేయుచున్నవి.

యంత్రముకంటె దాని జోడింపులే ముఖ్యము. మొదటిది కాలెట్టు, అనగా బిట్టు కాడను పట్టు చీలికల ఉంగరము. కాడ లావునకు సరిపడు కాలెట్టునే బిగింపవలయును. తిప్పిచూచినపుడు మొన ఊగినచో బెజ్జము పెద్దదగును. రెండవది నిలువు స్టాండు. దానిలో యంత్రమును బిగించి మీట నొక్కినచో బిట్టు నిటారుగా దిగును. గొట్టమును గాడితీసిన చెక్కపై కదలకుండ నుంచవలయును. చేతితో తొలుచువారు హైస్పీడు ఉక్కు బిట్టు వాడుట మంచిది. కార్బైడు బిట్టు గట్టిదేకాని పెళుసు. స్టాండు లేనిచో విఱుగును.

గొట్టము ప్లాస్టికు గనుక వేగము మిక్కిలి తగ్గింపవలయును. వేగము హెచ్చినచో ప్లాస్టికు కరగి బిట్టున కంటుకొనును, బెజ్జము సమముగా రాదు. బలముగా నొత్తక, కొంచెము దింపి, పైకెత్తి, మరల దింపవలయును. ఒక ప్రక్క గోడనే తొలువవలెను. కంటికి అద్దములు తప్పనిసరి. పిదప గొట్టపు కొన విప్పి నీరు వదలి పొట్టు కడిగివేయవలయును. పీపా దిగువ జల్లెడ లేనిచో ఇంతటి పనియు నలుసులపాలగును.

పరీక్ష సులభము. మొదట, నడుమ, చివర ఒకే కొలత చెంబులుంచి రెండు నిమిషములు నీరు పట్టి సరిచూడుడు.

ఒక హెచ్చరిక. మందుకొట్టు యంత్రపు నాజిలును ఈ విధముగా తొలువరాదు. మందు మోతాదు తప్పి పైరుకును మనిషికిని కీడు కలుగును. అది మూసికొనిపోయిన మెత్తని బ్రష్షుతో శుభ్రపఱుపుడు; అరిగిపోయిన క్రొత్తది వేయుడు. విశాలమైన పొలములకు కర్మాగారములలో చేసిన డ్రిప్పర్లే తగును. మేము చెప్పునది నారుమడులకును, పెరటి తోటలకును మాత్రమే.

ఆ సభ్యుని మడికి మరుసటియేట మా ఖర్చుతో క్రొత్త గొట్టము వేసి, యంత్రముతో 1 మి.మీ. బెజ్జములు తొలిచితిమి. మూడు చెంబులును దాదాపు సమముగా నిండెను. చివరి సాలు కాయ కోయుటకు ఆ రైతే మమ్ము పిలిచెను.

ఇట్టి యంత్రము ప్రతి యింట నుండనక్కఱలేదు. సంఘమున కొకటి, స్టాండుతోను, కొన్ని బిట్లతోను కొని వంతులవారీగా వాడుకొన్న చాలును. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులీ విషయ మాలోచింతురుగాక.