పేరు ఒకటే, చోటు వేరు
పెద్ద కంప్యూటర్ల మరమ్మతులో ఫైళ్ళ కేటాయింపు నివేదిక

జిల్లా విద్యాశాఖ కార్యాలయం నుండి మన పాఠశాలకు ఒక ఉత్తరం వస్తుంది. కవరు మీద "ప్రధానోపాధ్యాయులు" అనీ, దాని కింద పాఠశాల పేరు, ఊరి పేరు ఉంటాయి. ప్రధానోపాధ్యాయుల సొంత పేరు ఉండదు. నిరుడు ఆ కుర్చీలో ఒకరున్నారు, ఈ ఏడు మరొకరున్నారు. అయినా ఉత్తరం చేరవలసిన వారికే చేరుతుంది. హోదాకు ఉత్తరం వ్రాయడంలో ఉన్న సౌకర్యం ఇదే. అయితే ఆ కుర్చీలో ప్రస్తుతం ఎవరున్నారో రిజిస్టరులో సరిగా దిద్దకపోతే, అదే ఉత్తరం వేరొకరి చేతిలో పడవచ్చును. అప్పుడు తపాలా జవానును తప్పు పట్టలేము. అతడు రిజిస్టరులో ఉన్నట్లే అందించినాడు.

బ్యాంకులు, భీమా సంస్థలు, విమాన సంస్థలు ఉపయోగించే మెయిన్‌ఫ్రేములనే పెద్ద కంప్యూటర్లలోను ఇదే సౌకర్యం, ఇదే ప్రమాదం ఉన్నవి. ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడానికి తోడ్పడే ఒక చిన్న పట్టికను గురించి ఈ వ్యాసంలో తెలుసుకొందాము.

రెండు విధాల పేర్లు

ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. నేటి మెయిన్‌ఫ్రేములు ఆ వంశానివే. వాటిని నడిపే జెడ్/ఓ.ఎస్. అనే నిర్వాహక వ్యవస్థ 2000లో ప్రకటితమైనా, దాని మూలసూత్రాలు అనేకం 1960ల నాటివే. వాటిలో ఒకటి ఇది: ప్రోగ్రాము ఏ ఫైలును వాడుకోవలెనో, ఆ ఫైలు అసలు పేరును ప్రోగ్రాములో వ్రాయరు. ఎనిమిది అక్షరాలకు మించని ఒక హోదా పేరును మాత్రమే వ్రాస్తారు. దీనిని డి.డి. పేరు అంటారు. ప్రోగ్రామును నడిపించేటప్పుడు ఆ హోదాలో ఏ ఫైలు కూర్చోవలెనో వేరొక ఉత్తర్వు ద్వారా తెలుపుతారు. ఫైలు అసలు పేరు 44 అక్షరాల వరకు ఉండవచ్చును. అది ఏ డిస్కు మీద ఉన్నదో తెలిపే డిస్కు పేరు ఆరు అక్షరాలకు మించదు.

ఈ ఏర్పాటు వల్ల ప్రోగ్రామును ముట్టుకోకుండానే నేడు ఒక ఫైలు మీద, రేపు మరొక ఫైలు మీద పని చేయించవచ్చును. హోదాకు, ఫైలుకు ముడి వేయడమే కేటాయింపు. ఏ హోదాకు ఏ ఫైలు దక్కినదో పని ముగిసిన తరువాత యంత్రం అచ్చువేసి ఇచ్చే పట్టికయే కేటాయింపు నివేదిక.

మరమ్మతు జరిగే తీరు

నిర్వాహక వ్యవస్థ అనేక వేల చిన్న భాగాల సముదాయం. వాటిలో లోపాలు బయటపడినప్పుడు తయారీదారులు సవరణలను పంపుతూ ఉంటారు. వాటిని సరియైన చోట అమర్చడానికి ఎస్.ఎం.పి./ఇ. అనే పనిముట్టు ఉన్నది. ఇది నాలుగు ముఖ్యమైన పనులు చేస్తుంది. మొదట సవరణను స్వీకరిస్తుంది. రెండవది, వ్యవస్థ నడవడానికి ఉపయోగపడే ఫైళ్ళలో దానిని అమర్చుతుంది. వీటిని లక్ష్య గ్రంథాలయాలు అంటారు. మూడవది, కొంతకాలం పరీక్షించి, సవరణ మంచిదని తేలిన పిమ్మట భద్రపరచిన మూలప్రతులలో దానిని ఖాయం చేస్తుంది. నాలుగవది, సవరణ బెడిసికొట్టినట్లయితే, ఖాయం చేయకముందే ఆ మూలప్రతుల సహాయంతో పూర్వస్థితికి తెస్తుంది. ఏ భాగం ఏ స్థాయిలో ఉన్నదో ఒక పెద్ద జాబితాలో నమోదు చేసుకొంటుంది. ఏ హోదాకు ఏ ఫైలు అనే విషయం కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. ఈ నమోదును డి.డి.డెఫ్ అంటారు.

నడుస్తున్న రైలుకు చక్రం మార్చరు గదా! అట్లే పనిచేస్తున్న వ్యవస్థ మీద సవరణలు నేరుగా అమర్చరు. ముందు దాని డిస్కుకు ఒక నకలు తీస్తారు. జాబితాలో ఆ వ్యవస్థకు సంబంధించిన భాగానికి కూడా నకలు తీస్తారు. మరమ్మతు నకలు మీద చేసి, పరీక్షించి, ఆ తరువాత ఒకనాడు యంత్రాన్ని నకలు డిస్కు నుండి ప్రారంభిస్తారు. ఏదైనా తేడా వచ్చినచో పాత డిస్కు సిద్ధంగా ఉండనే ఉన్నది.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నకలులో ఫైళ్ళ పేర్లు అసలు ఫైళ్ళ పేర్లే. మారినది డిస్కు పేరు మాత్రమే. కనుక జాబితా నకలులోని డి.డి.డెఫ్ నమోదులన్నిటిలోను డిస్కు పేరును దిద్దవలెను. అందులో ఒక్కటి తప్పిపోయినా ఏమగునో చూతము.

ఒక ఉదాహరణ

పనిచేస్తున్న డిస్కు పేరు రెస్001, నకలు డిస్కు పేరు రెస్002 అనుకొందాము. మరమ్మతు పూర్తి అయిన తరువాత కేటాయింపుల వివరాలు ఇట్లా ఉన్నవి:

లింక్‌లిబ్ — సిస్1.లింక్‌లిబ్ — రెస్002
మిగ్‌లిబ్ — సిస్1.మిగ్‌లిబ్ — రెస్002
న్యూక్లియస్ — సిస్1.న్యూక్లియస్ — రెస్001

పని ముగిసినప్పుడు యంత్రం "0" అనే ఫలసంఖ్యను ఇచ్చింది. దోషం లేకుండా పని జరిగినదని దాని అర్థం. అది అసత్యం కాదు. చెప్పిన ఫైళ్ళలో చెప్పిన సవరణలు సక్రమంగానే చేరినవి. అయితే మూడవ వరుసను చూడండి. న్యూక్లియస్ అనేది వ్యవస్థకు గుండెకాయ వంటి ఫైలు. దానిలోని సవరణ నకలుకు బదులు పనిచేస్తున్న డిస్కు మీదనే పడినది.

దీని ఫలితం వెంటనే కనబడకపోవచ్చును. న్యూక్లియస్‌ను యంత్రం ప్రారంభమయ్యే వేళ మాత్రమే చదువుతారు. ఒకనాడు ఏదో కారణం చేత పాత డిస్కు నుండే యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించవలసి వచ్చినది అనుకోండి. సవరించిన గుండెకాయ, సవరించని ఇతర భాగాలు ఒకదానితో ఒకటి పొసగక యంత్రం లేవకపోవచ్చును. బ్యాంకు వంటి చోట ఖాతాదారుల లావాదేవీలన్నీ నిలిచిపోతవి. ఆపదలో ఆదుకొంటుందని నమ్ముకొన్న పాత డిస్కే ఆ విధంగా చెడినది. అటు నకలు తాలూకు జాబితాలో "న్యూక్లియస్ సవరించబడినది" అని నమోదై ఉన్నది; నకలు డిస్కు మీద అది పాతదిగానే ఉన్నది. ఇకమీదట వచ్చే సవరణలన్నీ ఈ తప్పుడు నమోదు మీదనే ఆధారపడతవి.

తప్పు ఎక్కడ పుడుతుంది?

సాధారణంగా నాలుగు చోట్ల. మొదటిది, డి.డి.డెఫ్ నమోదులో పాత డిస్కు పేరే మిగిలి ఉండడం.

రెండవది, నమోదులో డిస్కు పేరు అసలే లేకపోవడం. అప్పుడు యంత్రం ఫైళ్ళ చిరునామాలుండే కేటలాగును సంప్రదిస్తుంది. వ్యవస్థ ఫైళ్ళ విషయంలో కేటలాగు తరచుగా "ఏ డిస్కు నుండి యంత్రం ప్రారంభమైనదో ఆ డిస్కు" అని సమాధానం చెపుతుంది. అనగా పనిచేస్తున్న డిస్కే!

మూడవది, పనిని అప్పగించే ఉత్తర్వులోనే పాత డి.డి. వాక్యం ఒకటి పొరపాటున మిగిలి ఉండడం. అట్టి వాక్యం ఉన్నప్పుడు ఎస్.ఎం.పి./ఇ. దానికే విలువ ఇస్తుంది, జాబితాలోని డి.డి.డెఫ్‌ను చూడదు. జాబితాను ఎంత జాగ్రత్తగా దిద్దినా ఇక్కడ ప్రయోజనం లేదు.

నాలుగవది, యూనిక్స్ పద్ధతిలో డైరెక్టరీల కింద ఉండే ఫైళ్ళది. వీటి మార్గం ముందు నకలు తగిలించిన డైరెక్టరీ పేరు ఉండవలెను. అది లేనియెడల మార్గం నేరుగా పనిచేస్తున్న వ్యవస్థకే దారితీస్తుంది.

వరుసకూ విలువ ఉన్నది

కొన్నిసార్లు ఒకే హోదాలో అనేక ఫైళ్ళను గొలుసుగా కూర్చుతారు. యంత్రం మొదటి ఫైలులో వెదకి, దొరకకపోతే రెండవదానిలో వెదకుతుంది. దొరికిన చోటనే ఆగిపోతుంది. గొలుసులో పాత ప్రతి ముందు, కొత్త ప్రతి వెనుక ఉన్నట్లయితే పాతదే తీసుకొంటుంది. కనుక ఏ ఫైళ్ళున్నవో చూస్తే చాలదు. ఏ వరుసలో ఉన్నవో కూడా చూడవలెను.

చదివే విధానం

అనుభవజ్ఞులు ప్రతి వరుసకూ నాలుగు ప్రశ్నలు వేసుకొంటారు. ఈ హోదా పేరు ఏమి? ముడి ఎక్కడి నుండి వచ్చినది, ఉత్తర్వు నుండియా, జాబితా నుండియా? ఫైలు లేదా మార్గం ఏది? అది ఏ డిస్కు మీద ఉన్నది? ఒకటి రెండు ప్రశ్నలకు నివేదికలో సమాధానం దొరకనప్పుడు డి.డి.డెఫ్‌ను, కేటలాగును తెరచి చూస్తారు. తాత్కాలికమైన చిత్తు ఫైళ్ళను, అచ్చుకు పోయే ఫైళ్ళను త్వరగా దాటిపోవచ్చును. లక్ష్య గ్రంథాలయాల దగ్గర మాత్రం నిదానించవలెను.

ఈ పరిశీలన అంతా మరమ్మతు జరిగిన తరువాత చేయడం కంటె ముందు చేయడం మేలు. అందుకొరకే ఎస్.ఎం.పి./ఇ.లో "చెక్" అనే సదుపాయం ఉన్నది. దానిని కోరితే యంత్రం ఫైళ్ళను మార్చకుండా, ఏయే సవరణలు అమరగలవో, ఏయే గ్రంథాలయాలకు మార్పు తగులుతుందో మాత్రం తెలుపుతుంది. ఆ గ్రంథాలయాల డి.డి.డెఫ్‌లను అప్పుడే సరిచూచుకొంటే ప్రమాదం తప్పుతుంది.

కేటాయింపు నివేదిక చెప్పనివి కూడా కొన్ని ఉన్నవి. ఫైలు ఏదో చెపుతుంది గాని, అందులో ఏ భాగం మారినదో చెప్పదు. దానికి వేరే నివేదిక ఉన్నది. ఫైలు సరియైనదా, కాదా అని కూడా చెప్పదు. అది మనిషి తేల్చుకోవలసిన విషయం. "చెప్పినట్లు చేసినాను" అని మాత్రమే యంత్రం అనగలదు. చెప్పినది సరియైనదేనా అని అడుగవలసినవారు మనమే.

తరగతిలో ఒక అభ్యాసం

ఉపాధ్యాయులు దీనిని సులభంగా చూపవచ్చును. రెండు అట్టపెట్టెలు తీసుకొని రెండింటిలోను "హాజరు", "మార్కులు", "ఫీజు" అనే మూడేసి కవర్లు ఉంచండి. ఒక పెట్టె మీద "అసలు", రెండవదాని మీద "నకలు" అని వ్రాయండి. ఏ కవరు ఏ పెట్టె నుండి తీయవలెనో తెలిపే కాగితం ఒక విద్యార్థికి ఇవ్వండి. అందులో రెండు వరుసలలో "నకలు" అనీ, ఒకదానిలో "అసలు" అనీ ఉండనివ్వండి. అతడు మూడు కవర్లలోను ఒక్కొక్క చీటీ వేసి "పని అయినది" అంటాడు. ఏ చీటీ ఎక్కడ పడినదో తక్కిన విద్యార్థులను పెట్టెలు తెరవకుండా, కాగితం మాత్రమే చదివి చెప్పమనండి. తప్పు వరుసను ఎవరు ముందు పట్టుకొంటారో వారికి కేటాయింపు నివేదిక చదవడం వచ్చినట్లే.