చనుమొన నుంచి స్రావం: ఏ పరీక్ష, ఎప్పుడు?

పాలను చనుమొనకు చేర్చే నాళాలు ఒక్కొక్క రొమ్ములో సుమారు 15 నుంచి 20 వరకు ఉంటాయి. గర్భిణి గానీ పాలిచ్చే తల్లి గానీ కాని స్త్రీ రవికకు మరక అంటినప్పుడు, ఆ స్రావం ఒక్క నాళం నుంచి వస్తున్నదా, అనేక నాళాల నుంచా అన్నది మొదట తేలవలసిన విషయం. పిండినప్పుడు మాత్రమే రెండు రొమ్ముల నుంచీ పాలలాగానో ఆకుపచ్చగానో వచ్చేది సాధారణంగా ప్రమాదకరం కాదు. ఒకే రొమ్ములో, ఒకే రంధ్రం గుండా, తాకకుండానే నెత్తురుగానో నీళ్లలా తేటగానో కారేదాన్ని మాత్రం తప్పక పరీక్షించాలి. దానికీ ఎక్కువసార్లు కారణం నాళంలో పెరిగే పాపిలోమా అనే క్యాన్సర్ కాని చిన్న కండే. క్యాన్సర్ బయటపడేది కొద్దిమందిలోనే అయినా, ఆ కొద్దిమంది ఎవరో పైకి చూసి చెప్పడం సాధ్యం కాదు.

కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి లంకల్లో ఉండే స్త్రీ ఈ సంగతిని సిగ్గుపడి దాచుకోకుండా ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పగలిగితే సగం పని అయినట్టే. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయడం జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో భాగమే. ఆపై వైద్యులకు చూపించుకోవడానికి తాడేపల్లిగూడెంలో ప్రాంతీయ ఆసుపత్రి ఉంది; ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది.

యంత్రాలకంటే ముందు చేతి పరీక్ష జరగాలి. వైద్యురాలు రెండు రొమ్ములనూ చంకలనూ తడిమి చూశాక, చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం మీద గడియారపు ముల్లు తిరిగే వరుసలో ఒక్కొక్క చోట వేలికొసతో మెల్లగా నొక్కుతుంది. ఎక్కడ నొక్కితే చుక్క బయటికి వస్తుందో, ఆ వైపు నాళంలోనే లోపం ఉన్నట్టు గుర్తు. ఆ చుక్కను తెల్లని గుడ్డకు అద్ది రంగు చూస్తారు. ఇంట్లో రోజూ పిండి చూసుకుంటే స్రావం ఆగకపోగా పెరుగుతుంది.

వాడుతున్న మందుల చీటీ కూడా వెంట ఉండాలి. గ్యాస్ కోసం అడిగి కొనుక్కునే బిళ్లల్లో చాలావాటిలో కలిసివుండే డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్ ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచి పాలలాంటి స్రావాన్ని రప్పించగలవు. అప్పుడు స్కానింగ్ కంటే ముందు గర్భ నిర్ధారణ, ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరం. ఇది తెలియక బిళ్లలు మింగుతూనే రొమ్ము పరీక్షలకు డబ్బు పోయవలసి రావడం బాధాకరం.

అనుమానించదగిన స్రావమైతే 30 ఏళ్లలోపు వారికి ముందుగా అల్ట్రాసౌండ్ చేస్తారు, ఎందుకంటే ఆ వయసులో దట్టంగా ఉండే రొమ్ము కణజాలం మామోగ్రామ్‌లో తెల్లగా కమ్ముకొని లోపలి గడ్డను దాచేస్తుంది. 40 నిండినవారికి రెండూ అవసరం. రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని క్షణాలు నొక్కి తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్ సన్నని కాల్షియం రేణువులను పట్టుకుంటుంది. ద్రవం నిండిన నాళాన్ని నల్లని గొట్టంలా, అందులోని కండను బూడిదరంగులో చూపేది అల్ట్రాసౌండ్.

ఈ రెండింటిలో ఏమీ కనిపించకపోతే, గాడోలినియం అనే మందు నరానికి ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ ఉపయోగపడుతుంది. స్రవించే రంధ్రంలోకి సన్నని గొట్టంతో మందు పంపి ఎక్స్‌రే తీసే డక్టోగ్రఫీ ఇప్పుడు తగ్గింది. స్రావపు చుక్కను సూక్ష్మదర్శిని కింద చూసి క్యాన్సర్ కణాలు లేవన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని నమ్మరాదు. గడ్డ కనిపిస్తే సూదితో తీసే ముక్క పరీక్షే తేల్చుతుంది. అన్నీ బాగున్నా ఒకే నాళం నుంచి నెత్తురు ఆగకపోతే, ఆ ఒక్క నాళాన్నే శస్త్రచికిత్సతో తీసి పరీక్షకు పంపడం గురించి వైద్యులు ఆలోచిస్తారు.